ఊగే గోడల మండపం

మకరదుర్గంలో పొద్దు నడినెత్తికి వచ్చేవేళకి, పైడీ ఆమె అత్త ఓబసానీ దీపాలు తోమే పనివాళ్ళ వేషంలో రాజుగారి ఆటమండపం వాకిట నిలబడ్డారు. ఒకరి చేతిలో చింతపండు ముద్ద, ఇంకొకరి చేతిలో కచ్చిక బూడిద. ఇద్దరి కొంగులూ ముఖాల మీదికి దిగి ఉన్నాయి.

కాపలావాడు ఓబసాని కుంటికాలు చూసి నవ్వాడు. "ఈ ముసల్దాన్ని కూడా పనికి పిలిచారా?"

"దీపం తోమడానికి కాళ్ళెందుకయ్యా, చేతులు చాలవా?" అంది ఓబసాని. గడప దాటాక, "వీడి తలాపున దీపం పెట్టా" అని కోడలికి మాత్రం వినబడేలా తిట్టింది.

లోపల ఇంకో లోకం ఉంది. పైకప్పుకి పొదిగిన స్ఫటికపు పలకల్లోంచి ఎండ ఏడు రంగులై నేల మీద పరుచుకుంది. నాలుగు వైపులా రాతిగోడలకి బదులు తాటిచెట్టంత ఎత్తున పట్టుగుడ్డ గోడలు. వాటి మీద చందనపు స్తంభాలు బారులు తీరాయి. స్తంభాల వెనక మామిడితోపు, తోపు వెనక కొలను, కొలనులో కలువలు, కలువల మీద వాలబోతున్న తుమ్మెదలు. అంతా రంగుల పని. దారితప్పి లోపలికి వచ్చిన పిచ్చుక ఒకటి ఆ మామిడికొమ్మ మీద వాలబోయి, గుడ్డకి కొట్టుకుని కిందపడింది. లేచి మళ్ళీ అదే కొమ్మకి ఎగిరింది.

మండపం నడుమ రెండు నిలువుల ఎత్తున రెండు రాతిస్తంభాలు. వాటి మధ్య అరవై అడుగుల తాడు బిగించి ఉంది. తాడు కింద తోలువల.

ఆరు రోజుల కిందట పైడి మొగుడు సింగన ఆ వలలోనే పడ్డాడు.

మకరదుర్గపు రాజు చండకేతుడికి మూడేళ్ళుగా ఒక జబ్బు. తల ఏ పక్కకి తిప్పినా లోకం గిర్రున తిరుగుతుంది. వైద్యులందరూ ఓడిపోయాక భ్రమరాక్షుడనే మాంత్రికుడు వచ్చి మందు చెప్పాడు: జన్మలో తూలనివాడి కళ్ళు తీసి, ఆముదంలో మరిగించి, ఆ మసితో కాటుక పెట్టుకోవాలి. జన్మలో తూలనివాళ్ళు ఎవరు? గడలపాడు తాడాటవాళ్ళు. ఊరికే కళ్ళు పీకితే రాజుకి చెడ్డపేరు కనక మాంత్రికుడు పందెం పెట్టించాడు. తాడు దాటినవాళ్ళు ఏది కోరితే అది ఇస్తారు. పడ్డవాళ్ళ కళ్ళు రాజువి. మూడేళ్ళలో నలభైయొక్క మంది ఎక్కారు, నలభైయొక్క మందీ పడ్డారు. కళ్ళు పోయాక వాళ్ళని ఎక్కడికి తీసుకుపోయారో గడలపాడులో ఎవరికీ తెలియదు. సింగన నలభైరెండోవాడు. రాజుగారి కాటుకభరిణె అడుగంటింది కనక అతని కళ్ళు ఇవాళ పొద్దు వాలేసరికి తీస్తారని పొద్దున్నే చాటింపు వేశారు.

"పడ్డవాడి కళ్ళు పెట్టుకుంటే తూలడం ఎలా పోతుందే?" అంది ఓబసాని, దీపపు సెమ్మె తోముతూ. "ఆ రాజుకి కాటుక కాదు, బుర్ర కావాలి."

పైడి గోడ మొదట్లో నేలని చూస్తోంది. రోజూ ఇల్లు ఊడ్చుకునే ఆడది ఏ కొంపలోకి వెళ్ళినా ముందు దుమ్ము చూస్తుంది. మండపం నేలంతా సన్నటి ధూళి పొర ఉంది. గోడ పట్టుగుడ్డ నేలకి ఆనేచోట మాత్రం, జానెడు వెడల్పున, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ధూళి లేదు. చీపురు గీతలూ లేవు. కుచ్చిళ్ళు పొడవై నేల మీద ఈడ్చుకుంటే పడేలాంటి చార అది.

ఆమె వేలితో గోడని నెట్టింది. తాటిచెట్టంత గోడ చప్పుడు లేకుండా జానెడు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకి వచ్చింది.

"అత్తా, గోడ ఊగుతోంది."

ఓబసాని చేతిలో పీచు ఆగింది. ఆమె నాలుగు గోడల వంకా, తాడు వంకా, ఆ చివరి స్తంభం వంకా చూసింది. స్తంభం వెనక, గోడ మీద, ఇత్తడి కొక్కెం ఒకటి మెరుస్తోంది.

గడలపాడులో ఒక ఆచారం ఉంది. తాడెక్కేవాళ్ళ ఇంటి పెద్ద అవతలి కొనలో తన చేత్తో ఎర్రగుడ్డ కడుతుంది. దాన్ని కొనగుడ్డ అంటారు. ఎక్కినవాడికి కొనగుడ్డ తప్ప ఇంకేదీ కనబడకూడదు. నడక రాకముందే పిల్లలకి నేర్పే పాఠం అది. మకరదుర్గంలో ఆ గుడ్డ కట్టడానికి కొక్కెం పెట్టింది ఊగే గోడకి.

"నేనే కట్టా, నా చేత్తో," అంది ఓబసాని. "లోకమంతా మునిగినా దాన్నే చూడమని చెప్పి పంపా వాణ్ణి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆ సెమ్మె పూర్తిచెయ్యి ముందు. వాడు చూస్తున్నాడు." కాపలావాడు అటు తిరిగాక ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "విను. మనిషి నిలబడాలంటే సాక్షులు ముగ్గురు. కన్ను, చెవి లోపల ఉండే నీరు, అరికాలు. తీర్పు చెప్పేది బుర్ర. ముగ్గురూ ఒకే మాట చెప్పినంతకాలం బుర్రకి పని లేదు. ఇక్కడ కన్ను ఒకటి చెబుతుంది, మిగతా రెండూ ఇంకోటి చెబుతాయి. కన్ను గట్టిగా అరిచే సాక్షి. ఊళ్ళో పెద్దమనుషుల్లాగే బుర్ర కూడా గట్టిగా అరిచినవాడి మాటే వింటుంది. గోడ ముందుకొస్తే నేనే ముందుకి పడుతున్నానేమో అనుకుని ఒంటిని వెనక్కి తోస్తుంది. అంతే, వల."

"కళ్ళు మూసుకుని దాటేస్తాను."

"మూస్తే విలుకాడు బాణం వేస్తాడు, అది పందెం. తాడు నడిమధ్యలో మూడు బంతులు విసురుతారు, అవీ పట్టాలి. మూసుకుని పడతావా?" ఓబసాని ఆలోచించింది. "ఊగనిదాన్ని ఒక్కదాన్ని చూడాలి. ఈ కొంపలో ఊగనిది ఆ స్తంభం ఒక్కటే. దాని మీద నేను నిలబడతా. నన్ను చూడు."

పైడి నవ్వింది. ఎనిమిదేళ్ళు ఆ ముఖం చూడలేకే ఆమె తల వంచుకుని బతికింది. కాపరానికి వచ్చిన మర్నాడే ఓబసాని ఆమె నెత్తిన నీళ్ళకుండ పెట్టి పిట్టగోడ మీద నడిపించింది. చుక్క తొణికిన రోజు అన్నం లేదు. ఇరవైసార్లు గిర్రున తిప్పి సూదిలో దారం ఎక్కించమనేది. ఎక్కకపోతే చింతబరికె. సింగన అడ్డం వస్తే, "నీ పెళ్ళాం పడి చస్తే నీకు ఇంకోటి వస్తుంది, దానికి ఇంకో ఒళ్ళు వస్తుందా?" అనేది.

"నీ ముఖమా అత్తా?"

"ఇష్టం లేకపోతే మానెయ్. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుందువుగాని."

పైడి కొంగు నడుముకి దోపి, వాకిట్లోకి వెళ్ళి పందెపు గంట కొట్టింది.

గంట మోగిన రెండు గడియలకి మండపం నిండింది. ముందు వెండిబెత్తాలవాళ్ళు, వెనక చామరాలవాళ్ళు, వాళ్ళ వెనక నెమలికంఠం రంగు పట్టులో సామంతులు వచ్చి పరుపుల మీద ఒరిగారు. చివరికి ఎనిమిదిమంది మోసే దంతపు పల్లకిలో చండకేతుడు వచ్చాడు. తల కదలకుండా రెండు దిండ్ల మధ్య కట్టి ఉంది. కళ్ళకింద కాటుక దట్టంగా ఉంది. ఒక దాసి బంగారు పళ్ళెం పట్టుకుని పక్కనే నడుస్తోంది. ఎవరో ఎడమవైపు నుంచి జయజయ అన్నారు. రాజు అలవాటుకొద్దీ అటు తిరగబోయాడు. వెంటనే అతని కనుగుడ్లు మగ్గంలో నాడెలా పక్కకి గెంతి వెనక్కి వచ్చి మళ్ళీ గెంతాయి. దాసి పళ్ళెం అందించింది. రాజు కక్కుకున్నాడు. సభ పైకప్పు చూస్తూ కూర్చుంది. ఆట జరిగిన రోజుల్లో రాజుకి తల మరీ తిరిగేది. రోగం బయటికి పోతున్న గుర్తు అని మాంత్రికుడు చెప్పేవాడు.

భ్రమరాక్షుడు ముందుకి వచ్చాడు. పొట్టి మనిషి, శుభ్రమైన తెల్లబట్ట, వేళ్ళకి కాటుక మరకలు. "ఆడదా ఎక్కేది?"

"తాడుకి తెలియదులే సామీ," అంది ఓబసాని.

"కొనగుడ్డ కట్టుకోండి. కొక్కెం ఉంది."

ఓబసాని ఎర్రగుడ్డ తీసి తన తలకి చుట్టుకుంది. "మా ఇంటి ఆచారం వేరు. పడిన ఇంటివాళ్ళు రెండోసారి ఎక్కితే గుడ్డ పెద్దదాని తలకే. నేను ఆ స్తంభం మీద నిలబడాలి."

అలాంటి ఆచారం గడలపాడులో ఎప్పుడూ లేదు. భ్రమరాక్షుడు నోరు తెరవబోయాడు. దిండ్ల మధ్య నుంచి రాజు, "కుంటిది స్తంభం ఎక్కుతుందా? ఎక్కనీ. అదీ చూద్దాం," అన్నాడు.

ఇద్దరు భటులు ఓబసానిని నిచ్చెన మీదుగా ధాన్యపు బస్తాలా మోసి స్తంభం మీద నిలబెట్టారు. ఈవలి స్తంభం మీద పైడి నిలబడింది. విలుకాడు బాణం సంధించాడు. డప్పు మోగింది.

మొదటి ఆరడుగులు ఇంటి పిట్టగోడలాగే ఉన్నాయి. ఏడో అడుగులో మామిడితోపు ఆమె మీదికి వంగింది. ఆమె ఒళ్ళు తనంతట తానే వెనక్కి తూలింది.

"ఏమే! తిరునాళ్ళకొచ్చావా దిక్కులు చూడడానికి?" అవతలి నుంచి గొంతు వచ్చింది. "ఇటు చూడు!"

పైడి చూసింది. ఎర్రగుడ్డ కింద నల్లటి ముఖం, ఎండిన పెదవులు, ముక్కు పక్కన మచ్చ. ఓరకంటిలో గోడమీది స్తంభాలు ఊగుతున్నాయి, కొలను ఒరుగుతోంది, కలువలు పైకి లేస్తున్నాయి. నడికంటిలో మచ్చ మాత్రం కదలడం లేదు. అరికాలి కింద తాడు చెబుతున్న మాట మెల్లగా వినబడసాగింది. ఎనిమిది. తొమ్మిది. పదిహేను.

పరుపుల మీద ఒరిగిన సామంతులు లేచి కూర్చున్నారు. ఇంతదూరం ఎవరూ రాలేదు.

భ్రమరాక్షుడు పైడిని చూడడం మానేసి ఆమె చూపు పోతున్న దారి చూశాడు. అర్థమయింది. అతను ఒక భటుడికి వేలితో ఓబసానిని చూపించాడు. భటుడు కాటుక కోసం పొయ్యి మీద సిద్ధంగా మరుగుతున్న ఆముదపు గరిటె పట్టుకుని నిచ్చెనెక్కి ఓబసాని వెనక చేరాడు. ఆమె కుంటికాలి మీద మరిగే నూనె చుక్కలు చుక్కలుగా పోశాడు.

ఓబసాని కదలలేదు. "నాయనా, పన్నెండేళ్ళ కిందట చచ్చిన కాలు అది. నీ నూనె దండగ."

సభ గొల్లున నవ్వింది. రాజు కూడా నవ్వాడు. భ్రమరాక్షుడు నవ్వలేదు. "అది కాదురా. మంచికాలు."

కాలిన చర్మం వాసన తాడు మీది పైడిదాకా వచ్చింది. అత్త ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. అంతకుమించి ఆ ముఖంలో ఏదీ మారలేదు.

"అత్తా!"

"నీ అత్త చావలేదు, అరవకు! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు ఏంటా కంగారు? అడుగు వెయ్యి!" గొంతు తొణకలేదు. "ఎడమ మడమ నొక్కు. ఆఁ. నేను కదిలితే నువ్వు పడతావు, తెలుసు. కదలను. నువ్వు నడు."

తాడు నడిమధ్య వచ్చింది. ఆమె ఆగింది. ఎదురుగా వేదిక మీద నిలబడ్డ బంతివాడు మొదటి చందనపు బంతి విసిరాడు. పైడి పట్టి ఒడిలో వేసుకుంది. రెండోదీ పట్టింది. మూడోది విసిరేముందు భ్రమరాక్షుడు అతని చెవిలో ఏదో చెప్పాడు. పక్కకి విసరమంటున్నాడు. పక్కకి చూస్తే గోడ కనబడుతుంది, చూడకపోతే బంతి పోతుంది.

బంతి చేతిలోంచి వదలకముందే ఎటు పోతుందో చెప్పేది విసిరేవాడి భుజం. వంటింట్లో ఓబసాని వెనకనుంచి ఉల్లిపాయలు విసిరి, తలుపు చెక్క మీద నీడ చూసి పట్టమనేది. పైడి బంతివాడి కుడిభుజం కిందికి దిగడం చూసింది. అంతే చూసింది. చూపు అత్త ముఖం మీదికి తెచ్చుకుని, కుడిచెయ్యి బారచాచి, బంతి వచ్చే చోట అరచెయ్యి తెరిచి పెట్టింది. బంతి వచ్చి అందులో తగిలింది. తాడు విల్లులా ఊగింది. సభంతా లేచి నిలబడింది.

గరిటెలో నూనె అయిపోయింది. భటుడు ఇంకో గరిటె తెచ్చుకున్నాడు.

మిగిలిన ముప్పై అడుగులు పైడి ఎలా నడిచిందో ఆమెకి గుర్తులేదు. స్తంభం మీద కాలు మోపి అత్తని పట్టుకుంది. అప్పుడు కదిలింది ఓబసాని. నరికిన అరటిచెట్టులా కోడలి మీద వాలిపోయింది. ఆమె పాదం ఉండాల్సిన చోట ఉడికిన మాంసం ఉంది.

"తొణికావే," అంది చెవిలో. "ఏడో అడుగులో."

వాళ్ళని కిందికి దింపారు. పైడి రాజు ముందు నిలబడింది. "నా మొగుడి కళ్ళు నాకివ్వండి ప్రభూ. ఇంకేమీ వద్దు."

చండకేతుడికి మాట తప్పడం ఇష్టం ఉండదు. సింగనని తెచ్చి సంకెళ్ళు విప్పారు. అతను రెండు కళ్ళతో పెళ్ళాన్ని చూశాడు, తల్లి కాలు చూశాడు, కూలబడ్డాడు.

"మరి నా కాటుక?" అన్నాడు రాజు.

"గడలపాడులో ఇంకా ముప్పై గడపలున్నాయి మహాప్రభూ," అన్నాడు భ్రమరాక్షుడు. "పిల్లల కళ్ళయితే మందు ఇంకా చురుకు."

పైడి ఉండబట్టలేకపోయింది. "ఎన్ని కళ్ళు పూసుకున్నా మీ జబ్బు పోదు ప్రభూ! అది కంట్లో లేదు, చెవిలో ఉంది!"

"నోర్ముయ్యవే," అంది ఓబసాని నేల మీద నుంచి.

"తల తిప్పితే మీ కనుగుడ్లు పక్కకి గెంతుతున్నాయి. చెవిలో పురుగు పట్టిన గొర్రె ఇలాగే గుండ్రంగా తిరుగుతుంది, దాని కళ్ళూ ఇలాగే గెంతుతాయి. మా మామకీ ఇలాగే వచ్చింది. మనిషిని నిలబెట్టే నీరు చెవిలోపల ఉంటుంది. మీది చెడింది. ఇంకెవరి కళ్ళూ తీయించకండి."

రాజు దిండ్ల మధ్య నుంచి ఆమెనే చూశాడు. తర్వాత కట్టు వదులు చేసుకుని మెల్లగా తల కుడికి తిప్పాడు, కక్కుకున్నాడు, ఎడమకి తిప్పాడు, మళ్ళీ కక్కుకున్నాడు. దాసి అతని మూతి తుడిచింది.

"భ్రమరాక్షా, ఇది నిజమా?"

మాంత్రికుడి నుదుట చెమట మెరిసింది. ఒక్క క్షణం. "నిజమే ప్రభూ. నేనూ నిన్ననే గ్రంథంలో చూశాను. కళ్ళు కాదు, చెవులు."

"అయితే ఇన్నాళ్ళ కళ్ళూ దండగేనా?" రాజు విసుక్కున్నాడు, కూరలో ఉప్పు మర్చిపోయిన వంటవాణ్ణి విసుక్కున్నట్టు. "సరే. ఎవరి చెవులు మంచివి? దాటింది కోడలు." అతని చూపు నేల మీదికి దిగింది. "కదలనిది అత్త."

పైడికి తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. భటులు ఓబసాని రెక్కలు పట్టుకున్నారు. సింగన లేచి ఒకడి మీద పడ్డాడు. ఈటె మొన వెనకనుంచి నెత్తిన దిగి అతను బోర్లా పడి మళ్ళీ లేవలేదు. భ్రమరాక్షుడు నడుములోంచి సన్నటి కత్తి తీసి, తెల్లబట్ట అంచుతో తుడుచుకున్నాడు.

"పోవే!" అని అరిచింది ఓబసాని. "నిలబడి చూస్తావేం, పో!"

పైడి ఒడిలోంచి బంతి తీసి విలుకాడి ముఖానికి గురిపెట్టి కొట్టింది. అతను ముక్కు పట్టుకున్నాడు. రెండోది తలుపు దగ్గర కాపలావాడికి తగిలింది. ఆమె పక్కనే ఉన్న తోలువల మీదికి దూకి, వల ఎగరేసిన ఊపులో గోడ మొదటికి దొర్లి, పట్టుగుడ్డ కిందినుంచి దూరింది. గోడ వెనక నేల లేదు. చీకటిగొయ్యి ఉంది. రెండు నిలువుల లోతు జారి, తడిమట్టిలో కాలివేళ్ళ మీద వాలింది.

ముందు నూనె వాసన, చెమట వాసన. తర్వాత ఊపిరి చప్పుడు, చాలామందిది. నడుమ గానుగలాంటి పెద్ద చక్రం ఉంది. దాన్ని తిప్పే కర్రకాళ్ళకి మెడపట్టీలతో కట్టిన మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. చక్రం నుంచి మోకులు పైకి, నాలుగు గోడల వైపూ పోతున్నాయి. డప్పుతో వాళ్ళని నడిపించేవాడు పైన గొడవ చూడడానికి మెట్లెక్కి పోయినట్టున్నాడు.

"ఎవరది?" అన్నాడు ముందున్న ముసలివాడు. అతని కళ్ళున్నచోట రెండు మూసుకుపోయిన గుంటలున్నాయి. "ఆడమనిషి. దూకి మడమ మీద కాదు, వేళ్ళ మీద వాలింది. మన పిల్లే."

పైడి అతన్ని గుర్తుపట్టింది. గడలపాడులో మూడో గడప గురవన్న. మూడేళ్ళ కిందట మొదట తాడెక్కినవాడు. "నేను పైడిని, మామా. ఓబసాని కోడల్ని."

"ఓబక్క కోడలివా! చల్లగా ఉందా అక్క?" గురవన్న ముఖం విప్పారింది. "మా పని బాగానే ఉందిలే తల్లీ. నీళ్ళు తోడుతున్నాం రాజుగారి తోటకి. డప్పు మెల్లగా కొడితే మెల్లగా తిప్పాలి. ఇదిగో, వీడు మా ఎంకన్న, నా తమ్ముడు. నిరుడు వచ్చి చేరాడు. చెబితే వినకుండా ఎక్కాడంట వెధవ. ఇప్పుడెవరూ ఎక్కడం లేదు కదా? మమ్మల్ని చూసైనా మానేశారా?"

పక్కనున్న ఎంకన్న గుడ్డి నవ్వు నవ్వాడు.

పైన ఓబసాని అరుపు వినబడింది. పైడి ఎనిమిదేళ్ళలో ఆమె గొంతులో ఎప్పుడూ వినని అరుపు.

"మామా, మీరు తోడేది నీళ్ళు కాదు. పైన రంగుల గోడలున్నాయి. ఈ చక్రం తిరిగితే అవి ఊగుతాయి. అవి ఊగితే తాడు మీద మనిషి పడతాడు. నువ్వొక్కడివి పడినప్పుడు ఎవరు తిప్పారో నాకు తెలియదు. తర్వాత పడినవాళ్ళందరినీ మీరే పడేశారు. ఎంకన్నని నువ్వే పడేశావు. ఆరు రోజుల కింద నా మొగుణ్ణి మీ అందరూ కలిసి పడేశారు."

ఎంకన్న నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. వరసలో ఎక్కడో ఒకడు మోకాళ్ళ మీద కూలబడితే మెడపట్టీ అతన్ని మళ్ళీ పైకి లాగింది.

"అన్నా," అన్నాడు ఎంకన్న.

గురవన్న తమ్ముడి వైపు తిరగకుండానే అడిగాడు. "ఇప్పుడు పైన ఎవరెవరున్నారు?"

"రాజు, మాంత్రికుడు, సామంతులు, భటులు. నూరుమంది."

"చూపున్నవాళ్ళేనా?"

"అందరికీ కళ్ళున్నాయి మామా."

గురవన్న రెండు చేతులూ చక్రపు కాలి మీద వేశాడు. డప్పు లేకుండా, ఎవరూ చెప్పకుండా, నలభైయొక్క జతల చేతులు ఒక్కసారి నెట్టాయి. మెల్లగా కాదు. మోకులు కీచుమన్నాయి. పైనుంచి మట్టి రాలింది. చక్రం ముందుకి పోయి, ఆగి, వెనక్కి వచ్చి, అంతకంటే జోరుగా మళ్ళీ ముందుకి పోయింది.

పైన ఈటెలు నేల మీద పడ్డాయి. ఎవరో దేవుణ్ణి పిలిచారు. బంగారు పళ్ళెం దొర్లిపోయిన చప్పుడు వినిపించింది. దాని వెనకే, నూరుమంది కక్కుకునే చప్పుడు మధ్య, చండకేతుడి కేక వచ్చింది. "ఆపండి! లోకాన్ని ఆపండి!"

"ఆపొద్దు!" అని అరిచి పైడి మెట్ల వైపు పరుగెత్తింది.

మెట్ల పైనుంచి ఎవరో దిగుతున్నారు. ఒక్కో మెట్టు మీదా నిదానంగా పడుతున్న అడుగులు. ఒక్కటీ తూలడం లేదు. ముందు తెల్లబట్ట అంచు కనబడింది, తర్వాత కాటుక మరకల చెయ్యి, ఆ చేతిలో సన్నటి కత్తి. కత్తి మొన తడిగా ఉంది.

భ్రమరాక్షుడు కళ్ళకి గంత కట్టుకుని దిగుతున్నాడు.